కాలువ గట్టు మీద న్యూట్రాన్ల లెక్క

బాలలూ!

ఈ నెల మిమ్మల్ని ఒక ప్రయాణానికి తీసుకుపోతాను. దూరప్రయాణం కాదు. రాజమండ్రిలో బయలుదేరి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి, కాలువ గట్టు వెంట పడమరగా పోయి, భీమవరం దగ్గర గొరగనమూడి అనే పల్లెటూరు చేరుకుంటాం. ఆ ఊరు చేరేలోపల మనం రెండు లెక్కలు నేర్చుకోవాలి. ఒకటి నీళ్ల లెక్క. రెండవది న్యూట్రాన్ల లెక్క. "నీళ్లకూ న్యూట్రాన్లకూ పొత్తేమిటి, మాస్టారూ?" అని అడుగుతారేమో. బయలుదేరండి, దారిలో చెబుతాను.

తెల్లవారుజామున రాజమండ్రి పుష్కరాల రేవులో నిలబడితే గోదావరి సముద్రంలా కనిపిస్తుంది. అవతలి గట్టు మంచులో కలిసిపోయి ఉంటుంది. నది మీద రైలు వంతెనలు బారులు తీరి ఉంటాయి. వాటిలో పాతది 1900లో తెరిచిన హేవలాక్ వంతెన. 1997 నుంచి దాని మీద రైళ్లు నడవటం లేదు. అక్కడినుంచి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు పోతే ధవళేశ్వరం వస్తుంది.

ఇక్కడే సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. అంతకు పూర్వం గోదావరి ఒక ఏడు పొంగి ఊళ్లు ముంచేది, మరొక ఏడు ఎండి కరువు తెచ్చేది. ఆనకట్ట వచ్చాక ఆ నీళ్లు కాలువల్లోకి మళ్లాయి. పాత ఆనకట్ట బలహీనపడటం మూలంగా తరువాతి కాలంలో దాని చోట బారేజీ కట్టి, దానికి కాటన్ పేరే పెట్టారు. ఈ బారేజీకి మొత్తం 175 తలుపులు! ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మధ్యలో లంకలు. బస్సులో దాటుతూ తలుపులు లెక్కపెట్టి చూడండి. మీలో సగంమంది నడుమ లెక్క తప్పుతారు!

ఈ బారేజీ కింద ఇంచుమించు 10 లక్షల ఎకరాలు సాగవుతాయి. అందుచేత ఇక్కడి ఉద్యోగులకు రాత్రింబగళ్లు ఒకటే లెక్క. పైనుంచి నీరెంత వచ్చింది? తూర్పు డెల్టాకు ఎంత వదిలాం? మధ్య డెల్టాకు ఎంత? పడమటి డెల్టాకు ఎంత? సముద్రంలోకి ఎంత పోయింది? వచ్చిన నీటికీ పోయిన నీటికీ పొంతన కుదరాలి. కుదరకపోతే ఎక్కడో గండి పడిందనైనా అర్థం, ఎవరో కొలత తప్పు రాశారనైనా అర్థం.

బారేజీ దాటి విజ్జేశ్వరం చేరాం. పడమటి డెల్టా ప్రధాన కాలువ ఇక్కడే మొదలవుతుంది. ఇది నిడదవోలు వైపు సాగి, కొమ్మలుగా చీలి, ఆ కొమ్మలు పిల్లకాలువలుగా, పిల్లకాలువలు బోదెలుగా మారి, చివరకు సముద్రం దగ్గరి శివారు పొలాలదాకా పోతాయి. మధ్యమధ్య లాకులు ఉంటాయి. ఒక లాకు గట్టు మీద, రావిచెట్టు నీడలో, కాసేపు కూర్చుందాం. ఇక్కడ మీకు నా సొంత కథ ఒకటి చెప్పాలి. అది గొప్ప చెప్పుకునే కథ కాదు.

మా నాన్న ఇలాంటి లాకు దగ్గరే లస్కరుగా ఉండేవాడు. లాకు పక్కన నీళ్లలో అంకెలు చెక్కిన రాయి ఒకటి ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ రాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాసి, పైవారికి కబురు చెయ్యటం ఆయన పని. నాకు పదేళ్లప్పుడు, ఒక సార్వా ఆరంభంలో, ఆయనకు జ్వరం తగిలింది. "వెళ్లి రాయి చూసి రారా, నాయనా" అన్నాడు. అప్పటికి రెండు రోజులుగా వాన పడుతూనే ఉంది. గట్టంతా బురద. నేను అరుగు దిగలేదు. పుస్తకం తెరిచి, నిన్నటి అంకె చూసి, అదే అంకె ఈ రోజుకూ వేశాను. సాయంత్రమూ అంతే. మర్నాడూ అంతే. ఇంత వానలో కాలువ తగ్గుతుందా ఏమిటి అని నా ధైర్యం!

కాలువ తగ్గింది. మాకు పైన ఎక్కడో గట్టు కోసుకుపోయి నీరు పక్కకు పోతున్నది. మా పుస్తకం మాత్రం నీరు నిండుగా ఉన్నదని చెబుతున్నది. అందుచేత గండి సంగతి తెలిసేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. మూడోరోజుకు వాన వెలిసి ఎండ కాసింది. నాలుగోరోజున శివారునుంచి ఒక ముసలి రైతు నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో పిడికెడు ఆకు. పచ్చగా ఉండవలసిన వరి ఆకు గడ్డిరంగుకు తిరిగింది.

"ఏమయ్యా లస్కరూ, నీళ్లు నిండుగా ఉన్నాయని రాశావట. మరి నా ఆకుమడికి రాలేదేం?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

నాన్న పుస్తకం తెరిచాడు. వరసగా ఒకే అంకె నాలుగుసార్లు. నావైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. జ్వరంతోనే లేచి, నా చెయ్యి పట్టుకుని రాయి దగ్గరకు తీసుకుపోయి, "చూడనిది రాయకు. తెలియకపోతే ఖాళీ వదిలెయ్యి. ఖాళీ చూస్తే అవతలివాడు వచ్చి అడుగుతాడు. తప్పు అంకె చూస్తే నమ్మి ఊరుకుంటాడు" అన్నాడు. ఆ రైతు ఆ ఏడు ఆకు కొనుక్కుని ఊడ్చుకున్నాడు. ఆ ఖర్చు ఎవరిచ్చారో నాన్న నాకు చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ సంవత్సరం సంక్రాంతికి కొత్త చీర కట్టలేదు.

నీళ్ల లెక్క మీకు బోధపడింది గదా! ఇక బస్సు ఎక్కండి. తణుకు మీదుగా భీమవరం పోయేలోపల న్యూట్రాన్ల లెక్క చెబుతాను.

ప్రతి వస్తువూ పరమాణువులతో ఏర్పడింది. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఉంటాయి. ప్రోటానుకు విద్యుదావేశం ఉంది, న్యూట్రానుకు లేదు. కేంద్రకం బయటినుంచి వచ్చే ప్రోటానును తోసివేస్తుంది. న్యూట్రానును తోసివెయ్యదు. అందుచేత న్యూట్రాను వీధి తలుపు తీసి ఉన్న ఇంట్లోకి దూరిన పిల్లిలా కేంద్రకంలోకి సులభంగా పోగలదు. ఈ న్యూట్రానును 1932లో జేమ్స్ చాడ్విక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మన ప్రయాణం చివర మళ్లీ వస్తుంది.

ప్లుటోనియం అనే మూలకం ఉంది. దాని కేంద్రకంలో 94 ప్రోటాన్లు. అమెరికాలోని బర్కిలీలో 1940–41లో దీన్ని తయారుచేసి గుర్తించారు. ప్లుటోనియం కేంద్రకాలన్నీ ఒకే బరువు కావు. 94 ప్రోటాన్లు అందరికీ సమానమే గాని, న్యూట్రాన్లు ఒకదానికి 145, మరొకదానికి 146, ఇంకొకదానికి 147, 148 ఇలా ఉంటాయి. మొత్తం కలిపితే 239, 240, 241, 242. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ములన్నమాట. వీటినే ఐసోటోపులు అంటారు. ఇంటిపేరు ఒకటే అయినా గుణాలు వేరు. 239 సగానికి తగ్గటానికి సుమారు 24,100 ఏళ్లు పడితే, 241కి 14 ఏళ్లు చాలు!

న్యూట్రాను వచ్చి ప్లుటోనియం–239 కేంద్రకంలో దూరిందనుకోండి. రెండింటిలో ఒకటి జరుగుతుంది. కేంద్రకం రెండు ముక్కలుగా చీలి, వేడి పుట్టించి, కొత్తగా రెండు మూడు న్యూట్రాన్లను విడుస్తుంది. లేదా చీలకుండా, వచ్చిన న్యూట్రానును కడుపులో పెట్టుకుని, గామా కిరణాలు విడిచి, 240గా మారి కూర్చుంటుంది. ఈ రెండవదాన్నే న్యూట్రానును పట్టుకోవటం అంటారు. నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్లు నాలుగు దూరితే, ఇంచుమించు మూడుసార్లు చీలుతుంది, ఒకసారి పట్టుకుంటుంది. అలాగే 240 ఇంకొకటి పట్టుకుంటే 241, అది ఇంకొకటి పట్టుకుంటే 242.

ఇది తెలుసుకుంటే మనకేం లాభం? చెబుతాను. తమిళనాడులోని కల్పాక్కంలో 1985లో ఒక చిన్న పరీక్షా రియాక్టరు పని మొదలుపెట్టింది. అందులో ప్లుటోనియం ఇంధనం. వేగంగా పోయే న్యూట్రాన్లతో నడిచే ఈ జాతి రియాక్టర్లలో, ఇంధనం మండుతూ ఉండగానే యురేనియం నుంచి కొత్త ప్లుటోనియం తయారు చెయ్యవచ్చు. కాని అక్కడా నీళ్ల లెక్కే! నూరు ప్లుటోనియం కేంద్రకాలు చీలితే సుమారు 290 న్యూట్రాన్లు పుడతాయి. చీలిక ఆగకుండా సాగటానికి అందులో నూరు కావాలి. కొత్త ప్లుటోనియం కోసం ఇంకొన్ని కావాలి. మిగిలినవాటిలో కొన్ని బయటికి పోతాయి, కొన్నిటిని ఇనుము వంటివి మింగుతాయి, కొన్నిటిని ప్లుటోనియమే చీలకుండా పట్టుకుంటుంది. ఎవరు ఎన్ని పట్టుకుంటారో తెలియకపోతే ఎంత ఇంధనం పెట్టాలో తెలియదు, వాడిన ఇంధనంలో చివరకు ఏ ఐసోటోపు ఎంత మిగులుతుందో తెలియదు. వాడిన ఇంధనాన్ని వేల ఏళ్లు భద్రంగా ఉంచే ఏర్పాట్లకూ ఆ లెక్కే ఆధారం. పుస్తకంలో తప్పు అంకె ఉంటే, శివారు ఆకుమడి ఎండినట్టు, ఎక్కడో దూరాన ఎవరికో నష్టం.

సరే, కంటికి కనిపించని దాన్ని కొలవటం ఎలా? ఇందుకు మళ్లీ కాలువ దగ్గరకే పోదాం.

పూర్వం ఈ కాలువల్లో సరుకుల పడవలు తిరిగేవి. లాకు తలుపు తీయగానే తెడ్డు పడవా, తెరచాప పడవా, మోటారు లాంచీ ఒక్కసారే బయలుదేరాయనుకోండి. కింది లాకు దగ్గర మీరు గడియారం పట్టుకుని నిలబడ్డారు. మొదట లాంచీ వస్తుంది, తరువాత తెరచాప, అన్నిటికన్నా వెనక తెడ్డు పడవ. రెండు లాకుల మధ్య దూరం మీకు తెలుసు. కాబట్టి వచ్చిన వేళ చూస్తే చాలు, ఏ పడవ ఎంత వేగంగా వచ్చిందో చెప్పవచ్చు.

శాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే చేస్తారు. ఐరోపాలో జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయం ఉంది. అక్కడ వేగంగా పోయే ప్రోటాన్ల గుంపును ఒక సీసపు దిమ్మకు కొడతారు. దిమ్మలోంచి అన్ని వేగాల న్యూట్రాన్లూ ఒక్క క్షణంలో బయటపడతాయి. అవి ఒక పొడుగాటి గొట్టం గుండా 185 మీటర్లు ప్రయాణం చేస్తాయి. సెకనుకు 2,200 మీటర్లు పోయే నెమ్మదైన న్యూట్రానుకు ఈ దూరం దాటటానికి సెకనులో సుమారు 12వ వంతు పడుతుంది. మంచి వేగం గలది సెకనులో లక్షవ వంతు కాలంలోనే చేరగలదు! గొట్టం చివర పల్చని ప్లుటోనియం పూత ఉంటుంది. దాని బరువు మిల్లీగ్రాములలోనే. ప్లుటోనియం ఒంట్లోకి పోతే ప్రమాదం. అందుచేత దాన్ని గట్టిగా మూసి ఉంచుతారు. దాని పక్కన గామా కిరణాలను గుర్తించే పరికరాలు. ఒక కేంద్రకం న్యూట్రానును పట్టుకోగానే గామా కిరణాలు వస్తాయి. అవి వచ్చిన వేళ రాసుకుంటే, పట్టుబడిన న్యూట్రాను వేగం తెలుస్తుంది. అమెరికాలోని లాస్ అలమోస్‌లో అయితే ప్లుటోనియం చుట్టూ బంతి ఆకారంలో 160 స్ఫటికాలు అమర్చి, ఏ మూలకు పోయిన గామా కిరణమైనా దొరికేలా ఏర్పాటు చేశారు.

ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, ప్లుటోనియం చీలినప్పుడు కూడా గామా కిరణాలు వస్తాయి. న్యూట్రాన్లు లేనప్పుడు కూడా అది తనంతట తాను కిరణాలు విడుస్తూనే ఉంటుంది. సంతలో అందరూ అరుస్తూ ఉండగా మీ చెల్లెలి గొంతు ఒక్కటే వినటం లాంటిది ఈ పని. చీలిక శబ్దాన్ని వేరే పరికరంతో గుర్తించి తీసివేస్తారు. ప్లుటోనియం లేని ఖాళీ డబ్బా పెట్టి ఒకసారి కొలిచి, దాన్నీ తీసివేస్తారు. ఇలా వారాల తరబడి.

వచ్చిన జవాబును ఏ కొలతలో రాస్తారో తెలుసా? గాదెల్లో! నవ్వకండి. 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, న్యూట్రానుకు ఒక కేంద్రకం ఎంత పెద్ద గురిగా కనిపిస్తుందో చెప్పటానికి ఒక పేరు కోసం వెతికారు. వాళ్ల దేశంలో రైతులు ధాన్యమూ గడ్డీ దాచే పెద్ద కొట్టాన్ని 'బార్న్' అంటారు. కేంద్రకానికి ఈ గురి కొట్టమంత పెద్దదే అని తమాషాగా ఆ పేరు పెట్టారు. చదరపు సెంటీమీటరును కోటి కోటి కోట్ల వెయ్యి పాళ్లు చేస్తే, అందులో ఒక పాలు ఒక బార్ను. నెమ్మదైన న్యూట్రాన్లను పట్టుకోవటంలో ప్లుటోనియం–239 గురి సుమారు 270 బార్నులు, 240ది సుమారు 290, 242ది మాత్రం 20 బార్నుల లోపే. ఇంకొక వింత వినండి. సెకనుకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో వచ్చే న్యూట్రానంటే 240కి ఎంతో ఇష్టం. ఆ వేగం దగ్గర దాని గురి వందల రెట్లు పెరిగిపోతుంది. కొంచెం అటూ ఇటూ అయితే అంత ఆత్రం ఉండదు. అందుకే ఒక్క అంకెతో సరిపోదు. ఒక్కొక్క వేగం దగ్గరా విడివిడిగా కొలవాలి.

అదిగో, మాటల్లోనే భీమవరం వచ్చింది. ఇక్కడినుంచి గొరగనమూడి దగ్గరే. కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, వరిచేలు. చూడటానికి డెల్టాలోని అన్ని ఊళ్లలాంటి ఊరే. కాని 1896లో ఈ ఊళ్లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అనే పిల్లవాడు పుట్టాడు. పెద్దవాడై ఇల్లు విడిచి, హిమాలయాలకు పోయి, యోగసాధన చేసి, స్వామి జ్ఞానానంద అయ్యాడు. అక్కడితో కథ అయిపోలేదు. యోగం గురించి చెప్పటానికి జర్మనీ వెళ్లిన ఆయన, ఐన్‌స్టీన్ సిద్ధాంతం గురించి విని, ముప్పై ఏళ్లు దాటిన వయస్సులో మళ్లీ విద్యార్థి అయ్యాడు! డ్రెస్డెన్‌లో గణితమూ భౌతికశాస్త్రమూ చదివాడు. ప్రేగ్ నగరంలో ఎక్స్ కిరణాలను కచ్చితంగా కొలిచే పరికరాలతో పనిచేశాడు. తరువాత లివర్‌పూల్ వెళ్లి పరిశోధన చేశాడు. ఎవరి దగ్గరనుకున్నారు? జేమ్స్ చాడ్విక్ దగ్గర! న్యూట్రానును కనిపెట్టిన ఆయన దగ్గరే మన గొరగనమూడి స్వామి బీటా కిరణాలను కొలిచే పరికరం మీద పనిచేశాడు.

యుద్ధకాలంలో అమెరికాలో పరిశోధన చేసి, 1947లో స్వదేశం వచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను విశాఖపట్నం పిలిచింది. 1956లో అక్కడ పరమాణు కేంద్రక శాస్త్రానికి ఒక శాఖ ఏర్పడింది. తెలుగు పిల్లలు ఈ శాస్త్రం నేర్చుకోవటానికి సముద్రాలు దాటనక్కరలేకుండా పోయింది. 1969లో ఆయన మరణించాడు. ఆ పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆ విశాఖ పరిశోధనాలయంలో 1970లలో న్యూట్రానులను పట్టుకోవటం మీదనే కొలతలు జరిగాయి. ప్లుటోనియం మీద కాదు. అరుదైన మృత్తికలనే మూలకాల మీద, ఇతర బరువు మూలకాల మీద. వారికి పెద్ద యంత్రం అక్కర లేకపోయింది. రేడియోధార్మికత కలిగించిన ఆంటిమొనీని బెరిలియం నడుమ పెడితే, ఇంచుమించు ఒకే వేగం గల న్యూట్రాన్లు వస్తాయి. పరీక్షించే లోహాన్ని వాటి ఎదుట ఉంచుతారు. న్యూట్రానును పట్టుకున్న కేంద్రకాలు రేడియోధార్మికమవుతాయి. అప్పుడు లోహాన్ని తీసి, అవి విడిచే కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఎన్ని పట్టుకున్నాయో తేలిపోతుంది. ఆ అంకెలు ఈనాటికీ ప్రపంచ దేశాలన్నీ చూసుకునే పెద్ద చిట్టాలో భద్రంగా ఉన్నాయి. ఎక్కడో ఎవరో ఒకరు వాటిని నమ్మి తమ లెక్క చేసుకుంటారు.

బాలలూ! ఆ చిట్టా సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాన్న పుస్తకం జ్ఞాపకం వచ్చింది. అంకె రాసినవాడిని చదివేవాడు ఎన్నడూ చూడడు. వానలో గట్టు దిగి రాయి చూశాడో, అరుగు మీదే కూర్చుని రాశాడో అంకెను చూసి చెప్పలేడు. అందుకే శాస్త్రజ్ఞులు ప్రతి అంకె పక్కనా "ఇందులో ఇంతవరకు తేడా ఉండవచ్చు" అని ఇంకొక చిన్న అంకె కూడా రాస్తారు. మా నాన్న ఖాళీ వదలమన్నది కూడా అలాంటిదే.

ఇక ఇంటికి పోయి మీరొక పని చెయ్యండి. మీ ఊరి కాలువలోనో, చెరువులోనో, పెద్దవాళ్లు తోడుండగా, గట్టుకు దగ్గరగా ఒక వెదురుకర్రకు సెంటీమీటర్ల గుర్తులు పెట్టి పాతండి. పది రోజులు ఉదయం, సాయంత్రం నీటిమట్టం చూసి రాయండి. పొద్దున కుదరలేదా? ఆ గడి ఖాళీగా ఉంచండి. పదోరోజున పుస్తకం మీ నాన్నగారికి చూపించండి. అందులో ఒకటి రెండు ఖాళీలున్నా ఫరవాలేదు. మిగిలిన అంకెలు మీరు చూసినవే అయితే, గొరగనమూడి స్వామి నడిచిన దారిలో మీరు మొదటి అడుగు వేసినట్టే.